ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో మా అమ్మాయికి గట్టి పునాది పడాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: మీరు ఒంగోలులో ఉంటారు. మీ అమ్మాయి ఇంటర్మీడియెట్ మంచి మార్కులతో పూర్తి చేసి, కామెడ్‌కె (కర్ణాటక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల ప్రవేశ పరీక్ష) ద్వారా బెంగళూరులో వీటీయూకి, అంటే విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో కంప్యూటర్ సైన్సులో చేరింది, పేయింగ్ గెస్ట్ వసతిలో (పీజీలో) ఉంటోంది. మొదటి సంవత్సరంలోనే పునాది బలంగా ఉండాలంటే సాయంత్రం వేళల్లో కోడింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాలని బంధువులు అంటున్నారు. ఆ పని చేయాలా, లేక వేరే ఏదైనా చూసుకోవాలా అని అడిగారు. నేను బెంగళూరులో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ఇరవై ఏళ్ళకు పైగా గణితం బోధిస్తున్నాను. నా తరగతుల్లో ఏటా రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ చెప్పుకోదగినంత మంది ఉంటారు. అందుచేత ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు.

సూటిగా చెబుతాను. మొదటి సెమిస్టరులో ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చేర్పించకండి. ఆ నాలుగు నెలల్లో మీ అమ్మాయికి అలవడవలసినది ఒక్కటే: ఎవరూ గంట కొట్టకపోయినా, ఎవరూ వెనక నిలబడి చూడకపోయినా, ఆ వారం క్లాసులో చెప్పినది ఆ వారంలోనే తన చేత్తో తాను పూర్తి చేసుకోవడం. ఇది కుదిరిన విద్యార్థులు కోడింగ్‌తో సహా ఏదైనా తర్వాత నేర్చుకోగలుగుతున్నారు. ఇది కుదరని వారికి ఎన్ని కోర్సులు కట్టించినా ఫీజు రసీదులు మిగులుతున్నాయి తప్ప చదువు మిగలడం లేదు.

కారణం మన ఇంటర్మీడియెట్ చదువులోనే ఉంది. రెసిడెన్షియల్ కళాశాలలో రెండేళ్ళు ఉన్న విద్యార్థి దినచర్య ఎలా ఉంటుందో మీకు తెలుసు. తెల్లవారకముందే లేపుతారు, టిఫినుకు ముందే ఒక స్టడీ అవర్ అయిపోతుంది, పగలంతా క్లాసులు, రాత్రి పది దాకా మళ్ళీ స్టడీ అవర్స్, వారం చివర పరీక్ష, సోమవారానికి నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ఏ రోజు ఏ పాఠం చదవాలో, ఏ లెక్కలు చేయాలో, ఎప్పుడు నిద్రపోవాలో అన్నీ మరొకరే నిర్ణయిస్తారు. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి నేను వెళ్ళను. అది ర్యాంకులు తెప్పిస్తుంది, కాదనలేం. కానీ ఆ రెండేళ్ళలో విద్యార్థి తన సమయం గురించి తానుగా ఒక్క నిర్ణయం కూడా తీసుకోడు. ఇక్కడికి వచ్చాక నాలుగున్నరకు కళాశాల అయిపోతుంది. అక్కడి నుంచి మరునాటి ఉదయం తొమ్మిది దాకా ఏం చేశావని అడిగే మనిషి ఉండడు. ఇంటర్‌లో తొమ్మిది వందల యాభై దాటినవారు మొదటి ఇంటర్నల్ పరీక్షలో, అంటే సెమిస్టరు మధ్యలో కళాశాలే పెట్టే పరీక్షలో, యాభైకి పన్నెండు తెచ్చుకోవడం నాకు ప్రతి ఏటా కనిపించేదే. తెలివి తక్కువై రాని మార్కులు కావు అవి. మొదటి ఐదారు వారాలు పుస్తకం తెరవవలసిన అవసరమే వారికి కనిపించలేదు, అంతే.

కళాశాల మొదలైన కొత్తలో ఇండక్షన్ పేరుతో కార్యక్రమాలు నడుస్తాయి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర మండలి ఏఐసీటీఈ 2018 నాటి నమూనా పాఠ్యప్రణాళికలో దీనికి మూడు వారాలు కేటాయించింది. కొత్త ఊరికి, కొత్త మనుషులకు అలవాటు పడడానికి అది అవసరమే. అయితే చాలామంది పిల్లలు ఆ మూడు వారాలను చూసి నాలుగేళ్ళూ ఇలాగే ఉంటాయన్న అంచనాకు వస్తారు. ఆ అంచనా సరిదిద్దుకునే లోపే మొదటి ఇంటర్నల్ వచ్చి పడుతుంది.

ఇక మార్కుల లెక్క మీరు కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే ఇది మన బోర్డు పరీక్షల వంటిది కాదు. వీటీయూ 2022 స్కీము (పాఠ్యప్రణాళిక, పరీక్షల నియమావళి) ప్రకారం ప్రతి థియరీ సబ్జెక్టులో సగం మార్కులు, అంటే 50, సెమిస్టరు పొడవునా జరిగే టెస్టులకూ అసైన్‌మెంట్లకూ ఉంటాయి. దీన్ని సీఐఈ అంటారు. మిగతా సగం చివరి పరీక్షకు. దాన్ని ఎస్‌ఈఈ అంటారు. చివరి పరీక్ష వందకు పెట్టి యాభైకి కుదిస్తారు. ఉత్తీర్ణత కావాలంటే సీఐఈలో 50కి 20, చివరి పరీక్షలో 100కి 35, రెండూ కలిపి 100కి 40 రావాలి. సీఐఈలో 20 రాకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. చివరి నెలలో రాత్రింబవళ్ళు చదివి గట్టెక్కుదామన్న ఆలోచన మన పిల్లల్లో బలంగా ఉంటుంది. దానికి ఇక్కడ తలుపు సగం మూసే ఉంది. డిగ్రీ మొత్తానికి 160 క్రెడిట్లయితే అందులో 40 మొదటి సంవత్సరానివే, అంటే చివరికి వచ్చే సీజీపీఏలో (అన్ని సెమిస్టర్ల గ్రేడుల సగటులో) పావు వంతు ఈ ఏడాదే తేలిపోతుంది. మీ అమ్మాయి కళాశాల అటానమస్ (సొంత సిలబస్, సొంత పరీక్షలు ఉన్నది) అయితే, లేదా తన బ్యాచ్‌కు మరో స్కీము వర్తిస్తే, ఈ అంకెల్లో కొంత తేడా ఉండవచ్చు. ప్రవేశం నాడు ఇచ్చిన విద్యార్థి కరదీపికలో నియమాలన్నీ ఉంటాయి. దాన్ని తను ఒకసారి, మీరు ఒకసారి చదవండి. ఏటా నూటికి తొంభై మంది అది తెరవరు.

హాజరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వీటీయూలో 85 శాతం హాజరు ఉండాలి. ఒక సబ్జెక్టుకు సెమిస్టరులో 40 క్లాసులు జరిగితే 34కి వెళ్ళి తీరాలి. వదులుకోగలిగినవి ఆరు మాత్రమే. ఇప్పుడు ఊరి ప్రయాణం లెక్క చూడండి. శుక్రవారం సాయంత్రం మడివాళలోనో ఆనందరావు సర్కిల్‌లోనో బస్సెక్కాలంటే మధ్యాహ్నం ల్యాబుకు ఎగనామం పెట్టాలి. ఆదివారం రాత్రి ఒంగోలులో బయలుదేరిన బస్సు సోమవారం పొద్దున కేఆర్ పురం దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది, మొదటి రెండు పీరియడ్లు పోతాయి. మూడో పీరియడుకు వచ్చి కూర్చున్న విద్యార్థి కళ్ళు తెరిచి నిద్రపోతూ ఉంటాడు. నెలకు రెండుసార్లు ఇలా వెళ్ళేవారికి సోమవారం మొదటి పీరియడులో ఏ సబ్జెక్టు ఉందో ఆ సబ్జెక్టులోనే హాజరు తక్కువవుతుంది, ఆ సబ్జెక్టులోనే మార్కులూ తగ్గుతాయి. కాబట్టి మొదటి సెమిస్టరులో దసరాకో దీపావళికో, వరుసగా సెలవులు వచ్చినప్పుడు మాత్రమే రమ్మనండి. బెంగగా ఉంటే మీరే ఒక వారాంతం ఇక్కడికి వచ్చి చూసి వెళ్ళడం మేలు. ప్రయాణపు అలసట మీకు ఉంటుంది, తనకు ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రవేశ పరీక్షలు మన పిల్లల చేతికి నేర్పిన అలవాటు ఒకటి ఉంది. ఏపీ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, కామెడ్‌కెలో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. రెండింటిలోనూ తప్పుకు మార్కు కోత లేదు. అంటే ప్రశ్నకు ఒక నిమిషం. గుర్తుపట్టు, సూత్రం వేయి, జవాబు దిద్దు, ముందుకు కదులు. వీటీయూ చివరి పరీక్షలో అదే 180 నిమిషాలకు ఐదు పూర్తి ప్రశ్నలు రాయాలి. సిలబస్‌లోని ఐదు మాడ్యూళ్ళలో ఒక్కోదాని నుంచి రెండేసి ఇస్తారు, ఒక్కోటి ఎంచుకోవాలి. ఒక్కో ప్రశ్న ఇరవై మార్కులది, సాధారణంగా ఏడు, ఏడు, ఆరు మార్కుల భాగాలుగా ఉంటుంది. ఒక ప్రశ్నకు ముప్పై ఆరు నిమిషాలు దొరుకుతాయి. నిమిషంలో జవాబు తేల్చే చేతికి ఆ ముప్పై ఆరు నిమిషాలు ఏం చేయాలో తోచదు.

దీనికి నాకు బాగా గుర్తున్న ఉదాహరణ ఒకటి చెబుతాను. మొదటి ఇంటర్నల్‌లో మూడు చరరాశుల సమీకరణాల వ్యవస్థ ఇచ్చి గాస్ ఎలిమినేషన్ పద్ధతిలో సాధించమని అడిగాను. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి క్రామర్ నియమంతో నాలుగు నిర్ధారకాలు గణించి, మూడు విలువలూ సరిగ్గా రాసి, వాటి కింద రెండు గీతలు కొట్టాడు. ఏడుకు ఒక మార్కు వేశాను. సాయంత్రం స్టాఫ్ రూముకు వచ్చి, "సర్, జవాబు కరెక్టే కదా, ఆరు మార్కులు ఎక్కడ పోయాయి?" అని నిలదీశాడు. మర్యాదగానే అడిగాడు, అడగడం నాకు నచ్చింది కూడా. కూర్చోబెట్టి, సమీకరణాలు మూడు కాకుండా ఇరవై ఉంటే ఏం చేస్తావని అడిగాను. ఇరవై వరుసల నిర్ధారకాన్ని క్రామర్ పద్ధతిలో విస్తరించి గణించాలంటే కనీసం 20 ఫాక్టోరియల్ (1 నుంచి 20 దాకా సంఖ్యలన్నిటి లబ్ధం) గుణకారాలు కావాలి. అంటే 2 తర్వాత మరో పద్దెనిమిది అంకెలున్న సంఖ్య. సెకనుకు వంద కోట్ల గుణకారాలు చేసే యంత్రానికైనా ఒక్క నిర్ధారకానికి డెబ్బై ఏళ్ళు దాటిపోతుంది, పైగా అలాంటివి ఇరవై ఒకటి గణించాలి. అదే వ్యవస్థ ఎలిమినేషన్‌లో మూడు వేల గుణకారాల ప్రాంతంలో తేలిపోతుంది. ఒక వరుసను గుణించి మరో వరుసలోంచి తీసివేసి, కర్ణానికి కింద సున్నాలు తెచ్చుకుంటూ పోయే ఆ దశలే అక్కడ పాఠం. మూడు విలువలు ఎవరికీ అక్కరలేదు. కంప్యూటర్ సైన్సు చదివేవాడికి ఇంకా అక్కరలేదు, ఎందుకంటే రేపు ఆ దశలనే ప్రోగ్రాముగా రాయవలసింది అతడే. ఆ అబ్బాయి కాగితం మీద ఇరవై ఫాక్టోరియల్‌ను స్వయంగా గుణించి చూసుకొని వెళ్ళాడు. ఆ తర్వాతి టెస్టు నుంచి అతని జవాబు పత్రాల్లో ప్రతి దశ పక్కన ఏ వరుసతో ఏం చేశాడో రాసి ఉండేది.

ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ఇంటర్‌లో చదివినదే మళ్ళీ వచ్చినట్టు కనిపించడం. మాత్రికలు, అవకలనం, అవకలన సమీకరణాలు, అన్నీ తెలిసిన పేర్లే. గాస్-జోర్డాన్ పద్ధతి కూడా ఇంటర్‌లో చేసిందే. "ఇది మాకు వచ్చు" అనుకొని వెనక బెంచీలో ఫోను తీసేవారిలో తెలుగు పిల్లల వాటా, చెప్పడానికి కష్టంగానే ఉంది, కొంచెం ఎక్కువ. మూడో వారానికి పాఠం తెలియని చోటికి చేరిపోతుంది. వీరు ఇంకా తెలిసిన చోటే ఉన్నామనుకుంటారు.

ఇంతకూ రోజూ ఏం చేయాలి? క్లాసు జరిగిన రోజు సాయంత్రమే, పీజీకి వచ్చి టీ తాగాక, నోటు పుస్తకం మూసిపెట్టి ఆ రోజు గణితంలోనో భౌతికశాస్త్రంలోనో ఏం చెప్పారో తెల్ల కాగితం మీద రాయమనండి. పది నిమిషాలు చాలు. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మాత్రమే నోటు పుస్తకం తెరవాలి. తర్వాత ఆ పాఠంలోంచి రెండు మూడు లెక్కలు, క్లాసులో చేయనివి, పరిష్కారం చూడకుండా చేయాలి. శనివారం పొద్దున ఒక రెండు గంటలు ఆ వారం లెక్కలన్నిటిలోంచి కొన్నిటిని గడియారం పెట్టుకొని చేయాలి. ఆదివారం పుస్తకం ముట్టకపోయినా పరవాలేదు. మొత్తం మీద రోజుకు గంటన్నర దాటదు. ఇంటర్‌లో పదహారు గంటలు చదివిన పిల్లలకు ఇది చదువులా అనిపించకపోవడమే ఇందులో ఉన్న ఇబ్బంది.

నోట్సు మూయమనడం నా సొంత చాదస్తం కాదు. అమెరికాలో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. ఒక పాఠ్యభాగాన్ని కొందరు విద్యార్థుల చేత మళ్ళీ మళ్ళీ చదివించారు. మరి కొందరి చేత ఒకసారి చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ మళ్ళీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత పరీక్షిస్తే చూడకుండా రాసినవారు స్పష్టంగా ముందున్నారు. మళ్ళీ మళ్ళీ చదివినవారే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంతో ఉండడం అందులో నాకు ముఖ్యంగా తోచిన సంగతి. పరీక్షకు ముందు రాత్రి రంగు పెన్నుతో గీతలు గీసుకుంటూ ఐదోసారి చదివే విద్యార్థికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది, ప్రశ్నపత్రం చేతికి వచ్చే దాకా.

ఇక్కడే వాట్సాప్ గ్రూపుల సంగతి కూడా చెప్పాలి. చేరిన వారంలోనే సీనియర్ల నోట్సు, పాత ప్రశ్నపత్రాల జవాబులు, ల్యాబ్ ప్రోగ్రాములు పీడీఎఫ్‌లుగా వచ్చి పడతాయి. పాత ప్రశ్నపత్రాలు తప్పక చూడాలి. ఏ ప్రశ్న ఎలా అడుగుతారో వాటివల్లే తెలుస్తుంది. అయితే జవాబుతో పాటు కాదు. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలు ఉన్నాయి, సిలబస్‌లో పేర్కొన్న పాఠ్యపుస్తకం సగం ధరకు దొరుకుతుంది. ఒక్క గణితానికైనా అసలు పుస్తకం కొనుక్కోమనండి. గైడులో ఉన్న లెక్కలు వందసార్లు పరీక్షల్లో వచ్చి అరిగిపోయినవి. పుస్తకంలో అభ్యాసం చివర ఉండే లెక్కలే ఆలోచింపజేస్తాయి.

కలిసి చదవడం గురించి మీ అమ్మాయికి నేను ఒక మాట గట్టిగా చెబుతాను. 1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో అప్పటికి పరిశోధక విద్యార్థిగా ఉన్న, తర్వాత గణితాచార్యుడైన యూరీ ట్రైస్‌మన్ ఒక చిక్కును పరిశీలించాడు: మంచి మార్కులతో వచ్చిన నల్లజాతి విద్యార్థుల్లో చాలామంది కాల్క్యులస్‌లో ఎందుకు వెనకబడుతున్నారు? శ్రద్ధ తక్కువా అంటే కాదు, గంటల తరబడి చదివేవారు. కానీ ఒంటరిగా చదివేవారు. వారికి స్నేహం వేరు, చదువు వేరు. బాగా రాణించిన చైనా సంతతి విద్యార్థులు ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకొని, తర్వాత కూర్చొని సరిపోల్చుకునేవారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకునేవారు. ట్రైస్‌మన్ ఆ పద్ధతిలోనే, సులువైన లెక్కలతో కాకుండా కఠినమైన లెక్కలతో, బృందాలు నడిపితే ఫలితాలు మారిపోయాయి. మన తెలుగు పిల్లలకు ఇక్కడ బృందాలకు కొదవ లేదు. పీజీలో ఒకే గదిలో ముగ్గురు, క్యాంటీన్‌లో ఒకే బల్ల చుట్టూ ఎనిమిది మంది, కొత్త సినిమా విడుదలైతే పాతిక మంది. ఆ బృందంలో లెక్క గురించిన మాట మాత్రం రాదు. పరీక్షకు ముందు రాత్రి ఒకడు చెబితే ఐదుగురు వింటారు. ఆ చెప్పేవాడికే అది ఉపయోగపడుతుంది. వారానికి ఒకసారి, ముగ్గురో నలుగురో, ముందుగా విడివిడిగా చేసుకున్న లెక్కలు తెచ్చుకొని గంటసేపు కూర్చుంటే చాలు. వారిలో ఒక్కరైనా తెలుగు రానివారు ఉంటే మరీ మంచిది. అప్పుడు లెక్కను ఇంగ్లీషులో చెప్పవలసి వస్తుంది. ల్యాబ్ వైవాలో (మౌఖిక పరీక్షలో) అదే పనికొస్తుంది.

భాష సంగతి వచ్చింది కాబట్టి: తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు తొలి నెల పాఠం అర్థం కాకపోవడానికి విషయం కారణం కాదు, లెక్చరర్ మాట్లాడే వేగం కారణం. ముందు రోజు రాత్రి ఆ పాఠంలోని పది పన్నెండు సాంకేతిక పదాలు చూసుకొని వస్తే మరునాడు సగం ఇబ్బంది ఉండదు. కన్నడ గురించి భయపడనవసరం లేదు. కన్నడ రానివారికి మొదటి సంవత్సరంలో బళకె కన్నడ అనే చిన్న కోర్సు ఉంటుంది. లిపి మన లిపికి దాదాపు సోదరే కాబట్టి తెలుగు పిల్లలు వారం పది రోజుల్లో బస్సు బోర్డులు చదవగలుగుతారు. ఆ కోర్సును మార్కుల కోసమే చదవకుండా ఆటో డ్రైవరుతో, ల్యాబ్ అటెండరుతో, హాస్టల్ వార్డెన్‌తో రెండు ముక్కలు మాట్లాడడం నేర్చుకుంటే ఈ ఊరు తొందరగా సొంతమవుతుంది.

అధ్యాపకులను కలవడం మన పిల్లలకు బొత్తిగా అలవాటు లేదు. స్టాఫ్ రూముకు పిలిచారంటే తిట్టడానికే అన్న భావం ఇంటర్ నుంచి వెంట వస్తుంది. ప్రతి విద్యార్థికి ఒక మెంటర్‌ను కేటాయిస్తారు. కొన్ని కళాశాలల్లో ప్రాక్టర్ అంటారు. మొదటి నెలలోనే వెళ్ళి పరిచయం చేసుకోమనండి. సందేహం అడగడానికి వెళ్ళేటప్పుడు "సర్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అని వెళ్ళకూడదు. తను ప్రయత్నించిన కాగితం తీసుకెళ్ళి, ఇక్కడి దాకా వచ్చింది, ఇక్కడ ఆగిపోయాను అని చూపిస్తే ఏ అధ్యాపకుడైనా ఐదు నిమిషాలు కేటాయిస్తాడు. అందరూ ఒకే తీరుగా ఉండరన్నది నిజమే. విసుక్కునేవారూ ఉంటారు, వారిని వదిలి మరో సెక్షనుకు చెప్పే వారిని అడగవచ్చు, తప్పేమీ లేదు.

వసతి విషయంలో నా సలహా చిన్నదే. మొదటి ఏడాది కళాశాలకు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి, కూర పప్పు రుచి రెండో విషయం. ఆంధ్రా భోజనం పెడతారని పది కిలోమీటర్ల అవతల పీజీలో చేరి, బెంగళూరు రోడ్ల మీద రోజుకు రెండు మూడు గంటలు పోగొట్టుకునేవారిని చూస్తూనే ఉన్నాను.

మీరు ఫోనులో ఏం అడుగుతారన్నది కూడా పునాదిలో భాగమే. "ఎన్ని మార్కులు వచ్చాయి?", "మీ ఫ్రెండుకెన్ని?" అనే రెండు ప్రశ్నలు తప్ప తల్లిదండ్రుల నుంచి మరేమీ వినని పిల్లలు, మొదటి ఇంటర్నల్ పోయాక ఇంట్లో అబద్ధం చెప్పడం మొదలుపెడతారు. ఆ అబద్ధం రెండో ఇంటర్నల్‌కు పెద్దదవుతుంది, సెమిస్టరు ఫలితాల నాడు బయటపడుతుంది. ఈ వారం ఏ పాఠం జరిగింది, ఏది కష్టంగా ఉంది, ఎవరిని అడిగావు అని అడగండి. మొదటి ఇంటర్నల్ జవాబు పత్రాన్ని ఫోటో తీసి పంపమనండి. మార్కులు చూడడానికి కాదు, ఏ ప్రశ్నలో ఎక్కడ పోయాయో తన నోటితో చెప్పించడానికి. చెప్పగలిగితే మార్కులు తక్కువ వచ్చినా కంగారు పడవలసిన పని లేదు. చెప్పలేకపోతే మార్కులు ఎక్కువ వచ్చినా నేనైతే కొంచెం గమనించి చూస్తాను.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం చదువు సంగతి పక్కన పెట్టండి: వరుసగా క్లాసులకు వెళ్ళకపోవడం, భోజనం మానేయడం, ఫోను ఎత్తకపోవడం, రాత్రంతా మేలుకొని పగలంతా పడుకోవడం. ముందు మీరు వచ్చి చూడండి, మెంటర్‌తో మాట్లాడండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడుతుంది. మానసిక ఆరోగ్య వైద్యశాల నిమ్హాన్స్ ఈ ఊళ్ళోనే ఉంది. ర్యాగింగ్ జరిగినట్టు అనుమానం వచ్చినా, యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫిర్యాదు చేయడానికి సంకోచించకండి. నా అనుభవంలో ఇలాంటి పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు, వారు తరచూ బాగా చదివేవారే అయి ఉంటారు. జీవితంలో మొదటిసారి తరగతిలో మధ్యస్థంగా మిగలడం వారికి తట్టుకోలేని విషయం.

ఇక మీరు అసలు అడిగిన కోడింగ్ సంగతి. మొదటి సంవత్సరంలోనే సిలబస్‌లో సి ప్రోగ్రామింగ్ ఉంది. వీటీయూలో సగం సెక్షన్లకు మొదటి సెమిస్టరులో ఫిజిక్స్ సైకిల్ (భౌతికశాస్త్రం ఉన్న సబ్జెక్టుల జట్టు), మిగతా సగానికి కెమిస్ట్రీ సైకిల్ (రసాయనశాస్త్రం ఉన్న జట్టు) నడుస్తాయి. రెండో సెమిస్టరులో అవి తారుమారవుతాయి. కాబట్టి మీ అమ్మాయికి సి ఏ సెమిస్టరులో వస్తుందో సెక్షనును బట్టి ఉంటుంది. అది వచ్చిన సెమిస్టరులో ల్యాబ్ ప్రోగ్రాములను పీడీఎఫ్ నుంచి ఎక్కించకుండా, ముందు కాగితం మీద రాసి, ఒక్కో వరుస నడిచినప్పుడు ఒక్కో చరరాశి విలువ ఎంతవుతుందో పట్టీ వేసి చూసుకొని, ఆ తర్వాతే కంప్యూటరులో టైపు చేయమనండి. తప్పు ఉందని కంప్యూటరు సందేశం చూపితే గూగుల్‌లో వెతికే ముందు పది నిమిషాలు తానే చూడాలి. ఒక సెమిస్టరు ఇలా చేసిన విద్యార్థికి పైథానో జావానో తర్వాత రెండు నెలల పని. ఇలా చేయని విద్యార్థులు ఇన్‌స్టిట్యూట్‌లో మూడు భాషల సర్టిఫికెట్లు తెచ్చుకొని కూడా, సంఖ్యల వరుసలోంచి రెండో పెద్ద సంఖ్యను కనుక్కోమంటే ప్రాంగణ నియామకాల పరీక్షలో తడబడుతున్నారు.

రెండో సెమిస్టరు పరీక్షలు అయ్యాక సెలవులు వస్తాయి. అప్పటికి బ్యాక్‌లాగులు లేకుండా ఉండి, తనకు ఏది నేర్చుకోవాలని ఉందో తానే చెప్పగలిగితే, అప్పుడు ఇన్‌స్టిట్యూట్ గురించి ఆలోచించండి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి కాబట్టి అప్పటికీ అవసరం పడకపోవచ్చు. ఒకవేళ ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే, చేరే తేదీని వచ్చే వేసవికి మార్చుకునే వీలుందేమో ఈ వారంలోనే కనుక్కోండి. బ్యాచ్ మొదలైతే డబ్బు వెనక్కి రావడం కష్టం.